చరణాలు పంచిపెట్టిన మనిషి

"అట్ల కాదు."

పదమూడు రోజుల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. సంగారెడ్డిలో ఆస్పత్రి, మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం, మధ్యాహ్నం రెండున్నర. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని సత్తెమ్మ పాడుతోంది. ఆ పాట కట్టింది ఆయనే. ఆమె తప్పు పాడింది. దుప్పటి మీద పడి ఉన్న ఆయన ఎడమ చేతి చూపుడు వేలు మెల్లగా లేచింది. కళ్లు మూసుకున్నాడు. పెదవి ఒక పక్కకు లాగింది. అప్పుడు వచ్చాయి ఆ రెండు మాటలు. ముద్దముద్దగానే వచ్చాయి, కాని వార్డులో ఎవరికీ సందేహం లేకుండా వచ్చాయి.

సత్తెమ్మ పాట ఆపేసి, "ఏందీ?" అంది.

"అట్ల కాదు. మెల్లగ."

ఆ వెంటనే, ఆమె ఎక్కడ తప్పు పాడిందో ఆ పాదం తానే అందుకుని పాడాడు. గొంతు బొంగురు. ఒక అక్షరం పలికితే ఒకటి జారిపోతోంది. దరువు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన మేనకోడలు ఎస్తేరు, సంగారెడ్డిలోనే ప్రభుత్వ బడిలో టీచరు, డాక్టరమ్మ కోసం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఎదురు మంచం మీద హత్నూర నుంచి వచ్చిన రైతు ఒకాయన, పొట్ట ఆపరేషన్ అయిన మనిషి, కుట్లు పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"ఏమైంది సార్?" అని నన్నడిగాడు.

"మాటొచ్చింది."

"మంచిగైంది. ఇన్ని దినాలు చూస్తున్న, పాపం." మళ్లీ తనే, "మాటంటే పాటొచ్చిందేంది మరి?" అన్నాడు.

దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఆయన పేరు రాయడం లేదు. పాట కింద పేరు పెట్టడం ఆయనకు గిట్టదు. పటాన్‌చెరు, ఇస్నాపూర్ దారిలో ఫ్యాక్టరీ గేట్ల ముందు ముప్పై ఏళ్లకు పైగా జనం పాడుతున్న పాటల్లో చాలా ఆయన కట్టినవే. పాడేవాళ్లలో సగం మందికి ఆ సంగతి తెలియదు. తెలిసినవాళ్లు అన్న అంటారు. నేనూ అన్న అనే పిలుస్తాను. ఆయన నన్ను పిలిచేది "పేపర్ తమ్మీ" అని. నేను జిల్లా విలేకరిగా చేరిన మొదటి ఏడు పెట్టిన పిలుపు అది. ఉద్యోగం మానేసినా ఆ పిలుపు మారలేదు.

యూనియన్‌లో తిరిగినవాళ్లలో జేబులో పెన్ను లేని మనిషిని నేను ఆయననొక్కడినే చూశాను. చదువు రాక కాదు. బైబిలు చదువుతుంటే వినాలనిపించేది. నోటీసు మీద సంతకం పెట్టాలంటే మాత్రం పక్కవాడి పెన్ను అడిగి తీసుకుని, పెట్టేసి, వెంటనే తిరిగి ఇచ్చేసేవాడు, చేతిలో ఇంకో క్షణం ఉంటే కాలుతుందన్నట్టు. చేయి కలపమంటే కలిపేవాడు కాదు. మణికట్టు పట్టుకునేవాడు, నాడి చూసే వైద్యుడిలా. పాట ఎత్తుకునే ముందు చెప్పులు విడిచేవాడు. ఎండాకాలం, గేటు ముందు తారు రోడ్డు మీద కూడా అంతే. "కాళ్లు కాలుతయన్నా" అని ఎవరైనా అంటే, "కాలితే పాట జల్దీ అయిపోతది, మీకు గూడ మంచిదే" అనేవాడు. తీరా మొదలుపెడితే మెల్లగానే పాడేవాడు.

పాటను కాగితం మీద పెట్టనిచ్చేవాడు కాదు. ఇది ఆయన తండ్రి నుంచి వచ్చింది. తండ్రి హత్నూర వైపు పల్లెల్లో ఉపదేశి. ఆదివారం చర్చిలో చదువురాని జనానికి కీర్తనలో ఒక్కో పాదం తాను పాడి, వాళ్లచేత పాడించి, అలా పాట మొత్తం ఎక్కించేవాడట. పాటల పుస్తకం మొత్తానికి ఒక్కటే ఉండేది. "ఒక వానకాలం బుక్కు నానిపోయింది. పాటలు నానలే. ఎవల పాట వాల్ల నోట్లనే ఉన్నది" అని చెప్పేవాడు. ఇంకో మాట కూడా ఉండేది ఆయనకు: "కాయితం మీద రాస్తే పాట కాయితానికొస్తది తమ్మీ. నీకు రాదు."

అందుకని ఆయన పాటను మనుషుల దగ్గర దాచేవాడు. పల్లవి అందరికీ. చరణాలు మాత్రం ఒక్కో మనిషికి ఒక్కోటి. ఇచ్చేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు లేకుండా వచ్చేదాకా పాడించి, "ఇగ ఇది నీ దగ్గరుంటది" అనేవాడు. ఒకసారి ఇచ్చిన చరణం ఆయన మళ్లీ పాడగా ఎవరూ వినలేదు. పాడమంటే, "ఇచ్చినంక నాదెట్లైతది?" అనేవాడు. పాట మొత్తం వినాలంటే ఆ మనుషులందరినీ ఒకచోటికి పిలుచుకోవాల్సిందే. ఒకసారి ధర్నాలో మూడో చరణం పాడే మనిషికి నాటు కోళ్ల దావత్ ఉండి రాలేదు. జనం నవ్వుతూనే మూడో చరణం లేకుండా పాట ముగించారు. ఆయన మాత్రం నవ్వలేదు. మర్నాడు బస్సెక్కి ఆ మనిషి ఇంటికి వెళ్లి అడిగాడు: "నీ కోడి నా పాటను తినవట్టెగద రా!"

ఆయన పాటలన్నిటిలో నాకు ఎక్కువ తెలిసింది మంచం పాట.

మందుల కంపెనీలో చేరిన కొత్తలో ఆయన పటాన్‌చెరులో ఒక మంచం కిరాయికి తీసుకున్నాడు. గది కాదు, మంచమే. రేకుల గదిలో గోడ వారగా ఉన్న ఆ ఒక్క మంచానికి ఇంకో ఇద్దరు కిరాయిదార్లు. ముగ్గురూ ఒకే కంపెనీ, మూడు షిఫ్టులు. వారానికోసారి షిఫ్టులు మారేవి కాని ముగ్గురివీ ఒకేసారి మారేవి. అందుకని ఒకరికొకరు ఎదురుపడే పని లేదు. ఒకడు లేచి డ్యూటీకి పోయాక ఇంకొకడు వచ్చి పడుకునేవాడు. ఏడాది పాటు ఇలాగే. ఆ ఇద్దరి గురించి ఆయనకు తెలిసిందల్లా మంచం చెప్పిందే. ఒకడు సంపెంగ నూనె రాసుకుంటాడు, తలకింది మెత్తకు ఆ వాసన. ఇంకొకడు పేపరు చదివి, మడిచి, మెత్త కింద పెట్టిపోతాడు.

ఒకరోజు బాయిలర్ ఆగిపోయి, రాత్రి షిఫ్టు వాళ్లను కూడా పొద్దెక్కేదాకా ఆపుకుని, చివరికి కంపెనీ అందరికీ సెలవిచ్చింది. పొద్దున పదకొండింటికి ముగ్గురూ ఒకేసారి గదికి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు పండు అన్నా" అన్నాడట సంపెంగ నూనె మనిషి.

"లే లే, నువ్వు పండు. రాత్రి డ్యూటీ చేసి వస్తివి."

"నాకు నిద్దర లేదు. ఆయన పంటడేమో అడుగు."

చివరికి ముగ్గురూ కింద కూర్చున్నారు. సాయంత్రం దాకా నేల మీదే కూర్చుని ఊరి ముచ్చట్లు చెప్పుకున్నారు. మంచం ఖాళీగా ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన నవ్వేవాడు. "యాడాది ఒక్క మంచం మీద పన్నోల్లం తమ్మీ. ఆ పొద్దు మొకాలు సూస్కోనీకి సిగ్గువడ్డం, కొత్త పెండ్లి పిల్లల తీర్గ." నెల తిరగకుండానే ఒకడు ఊరికి పోయాడు, ఇంకొకడు వేరే కంపెనీకి. మళ్లీ ఆయన వాళ్లను చూడలేదు.

పాట పల్లవి ఇది:

మంచమొక్కటే అన్నా, మనుషులం ముగ్గురం
మొకం మొకం ఎరగని దోస్తులం ముగ్గురం

మొదటి చరణం సత్తెమ్మది. కంపెనీ గేటు పక్కన టిఫిన్ బండి ఆమెది. ఉదయం షిఫ్టు వాళ్లలో ఆమె ఉప్మా తినకుండా లోపలికి పోయేవాళ్లు తక్కువ. ఇంటివాడు పోయిన తర్వాత ఒంటి చేత్తో బండి నడిపింది.

నువ్వు లేసి పోయినంక నేనొచ్చి పండుత
దుప్పట్ల నీ ఏడి ఇంక సల్లారలే
ఏ ఊరి వాడవో, ఏమి తిన్నవో
అడుగుదమంటె నువ్వాడ లేవు

"నా మంచం సగం ఖాళీగుంటదని నాకిచ్చిండు ఈ చరణం" అని ఆమె ఒకసారి నాతో అంది, ఏడవకుండా, ఉల్లిగడ్డలు కోస్తూ. ఆమెకు పాట వచ్చిందే ఉల్లిగడ్డలు కోస్తూ. రోజూ వినేది, పాడేది కత్తిపీట ముందే. అందుకని ఆ చరణం ఆమె నోట కత్తిపీట వేగంతోనే పోయేది. ఆయన ప్రతిసారీ వేలెత్తేవాడు, కళ్లు మూసుకునేవాడు. "అట్ల కాదు. సత్తెమ్మా, ఉల్లిగడ్డ కొయ్యి. పాటను కొయ్యకు."

"నీ పాట మెల్లగ పాడితే నా గిరాకీ పోతది" అనేది ఆమె. ఇరవై ఏళ్లు ఇదే గొడవ. ఆమె మారలేదు, ఆయన మానలేదు.

మూడో చరణం మూర్తిగారిది. గోదావరి వైపు నుంచి వచ్చి, ఇక్కడ ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో ముప్పై అయిదేళ్లు పనిచేసి, రిటైరై, రామచంద్రాపురంలో ఫ్లాట్ కొనుక్కున్నారు. ఈ చరణం తర్వాతి కాలంలో కట్టింది, జనం రేకుల గదుల నుంచి అపార్ట్‌మెంట్లకు మారాక.

గోడ ఒక్కటే అన్నా, ఇండ్లేమొ రెండాయె
నీ కుక్కరు కూతకు నా పొద్దు తెల్లారె
ఎన్ని కూతలేసెనో లెక్కవెడితి గాని
నీ పేరు ఏందని అడగనైతి గాదా

"ఈ చరణం నోటికొచ్చిన వారానికి సిగ్గేసి పక్క ఫ్లాట్ తలుపు కొట్టానండీ" అని మూర్తిగారు చెబుతారు. "పేరడిగితే, ఆయన కంగారుపడి, కరెంటు బిల్లు ఏమైనా తేడా వచ్చిందా అన్నారు."

నాలుగోది ఎస్తేరు దగ్గర ఉంది.

రెండోది నాది. మెత్త కింద పేపరు పెట్టిపోయే మనిషి మీద కట్టిన చరణం. "పేపర్ ముచ్చట పేపరోని దగ్గరే ఉండాలె" అని నాకిచ్చాడు. ఆయన ఉండే లక్డారం ఊరి కమాన్ దాటాక హైవే పక్కన ఒక టీ కొట్టు ఉండేది. లారీలు పోతుంటే గ్లాసులు అదిరేవి. అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి, నాచేత పదకొండు సార్లు పాడించాడు. టీ రెండుసార్లు చల్లారింది. నాకు గొంతు లేదు, సిగ్గు ఉంది. ఆయన దేన్నీ పట్టించుకోలేదు. పదకొండోసారి తలూపి, మణికట్టు పట్టుకున్నాడు.

"రాసుకోవు గద?"

"రాసుకోనన్నా."

ఆయన అటు లక్డారం వైపు నడిచాడు. నేను ఇటు సంగారెడ్డి బస్సెక్కి, సీటులో కూర్చున్న వెంటనే జేబులోంచి ప్యాడ్ తీసి నాలుగు పాదాలూ రాసుకున్నాను. మోసం చేయాలని కాదు. విన్నది రాసుకోకపోతే పోతుందన్న భయంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. రాసుకున్నాక మనసు తేలికపడింది. మళ్లీ ఆ చరణం జోలికి పోవాల్సిన అవసరం లేకపోయింది. ప్యాడ్‌లో ఉంది కదా.

ఇల్లు మారినప్పుడు పాత ప్యాడ్లన్నీ ఒక గోనె సంచిలో కట్టాం. ఆ సంచి కొత్త ఇంటికి చేరలేదు. పోయిన సంగతి తెలిసిన రోజు కూర్చుని చరణం గుర్తు చేసుకోబోయాను. "మెత్త కింద పేపరు" అన్నంత వరకే వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. పదకొండు సార్లు పాడిన పాట.

ఆయనకు చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడు కలిసినా మణికట్టు పట్టుకుని, "ఉన్నదా?" అనేవాడు. "ఉన్నదన్నా" అనేవాడిని. "భద్రమేనా?" "భద్రమే." సభల్లో ఆ పాట ఎత్తుకునే వేళకు నాకు ఎప్పుడూ ఫోనొచ్చేది, ఫొటో తీయాల్సి వచ్చేది, ఎవరితోనో మాట్లాడాల్సి వచ్చేది. నా చరణం వదిలేసి పాడుకునేవాళ్లు. ఇలా తొమ్మిదేళ్లు దాటాయి.

నాలుగేళ్ల కిందట యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఆయన దగ్గరకు వచ్చారు. ఒంటరితనం మీద ఇంత మంచి పాట ఇంకెక్కడా లేదని, రికార్డు చేస్తే లక్షల మంది వింటారని చెప్పారు. నన్నూ రమ్మంటే వెళ్లాను, నా చరణం సంగతి బయటపడుతుందేమోనన్న భయంతోనే. స్టూడియో ఆయన గది కంటే చిన్నది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, గాజు తలుపు వేశారు. ఆయన చుట్టూ చూశాడు.

"మిగిలినోల్లు యాడ?"

"అవసరం లేదు సార్. మీరే అన్ని చరణాలూ పాడేయండి. తర్వాత వంత కూడా మీరే పాడితే, మీ గొంతు మీద మీ గొంతే వేస్తాం."

"అంటే, నాకు నేనే వంత వాడాల్నా?"

"అవును సార్. చాలా బాగుంటుంది."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "బిడ్డా, ఒక్కడు వాడితే సణుగుడైతది. తన సణుగుడుకు తానే వంత వాడితే ఇగ పిచ్చాసుపత్రే." చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, కారణం ఆయనకు తెలియదు.

భార్య పోయాక ఆయన లక్డారంలో ఒంటరిగానే ఉండేవాడు. ఎస్తేరు ఎన్నిసార్లు పిలిచినా సంగారెడ్డిలో తన ఇంట్లో ఉండటానికి వచ్చేవాడు కాదు. ఒక ఆదివారం చర్చికి రాలేదు. ఆయన రాని ఆదివారం లేదు కాబట్టి ఎస్తేరు ఆరాధన అయ్యేదాకా కూడా ఆగకుండా ఆటో ఎక్కింది. తలుపు దగ్గరకే వేసి ఉంది. లోపల నేల మీద పడి ఉన్నాడు, కుడి చేయి ఒంటి కింద ఇరుక్కుని. కళ్లు తెరిచే ఉన్నాయి.

కుడి వైపు పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. ఎవరేమన్నా చూస్తాడు. నోరు తెరుస్తాడు, ఏమీ రాదు. వారం తర్వాత డాక్టరమ్మ ఎస్తేరును పిలిచి అడిగింది, ఈయన ఏం చేసేవాడని. పాటలు కట్టేవాడని చెబితే, "అయితే పాటలు పాడండి. మాట పోయిన కొందరికి పాట మిగులుతుంది. పాట వెంట మాట రావచ్చు. హామీ ఇవ్వలేను. ఇంకో రెండు మూడు వారాల్లో ఏమీ రాకపోతే ఇక కష్టం" అందట.

ఎస్తేరు నాకు ఫోన్ చేసింది. "సార్, మామ పాట ఆయనకే పాడి వినిపియ్యాలంట. రెండోది మీ దగ్గరుంది గద. రేపు వస్తరా?"

నేను ఆ రేపు వెళ్లలేదు. ఏదో చెప్పాను. మర్నాడూ వెళ్లలేదు. మూర్తిగారు వెళ్లి పాడి వచ్చారని, ఎస్తేరు రోజూ పాడుతోందని తెలిసింది. మూర్తిగారు నాకు ఫోన్ చేశారు. "ఏవండీ, నా చరణం పాడాను. ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నారు. చాలా శ్రుతిగా పాడానండీ. ఏమీ లాభం లేదు. వరసన పాడితే మంచిదేమో. మీది లేక మధ్యలో తెగిపోతోంది కదా. మీరు వస్తే గాని…"

పదమూడో రోజు వెళ్లాను. మూర్తిగారు, ఎస్తేరు ఉన్నారు. సత్తెమ్మ బండి కట్టేసి మధ్యాహ్నం బస్సుకు వస్తానంది. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఆయన చూశాడు. ఎడమ చేయి కొంచెం కదిలింది. మణికట్టు కోసం అని నాకు అర్థమై, నేనే ఆ చేతిలో నా చేయి పెట్టాను.

"అన్నా, నా దగ్గర లేదు. ఆ పొద్దే బస్సుల రాసుకున్న. ప్యాడ్ పోయింది. పాట పోయింది. ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన."

ఎస్తేరు కిటికీ వైపు తిరిగింది. మూర్తిగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. కోపమో, అర్థమే కాలేదో ఆ చూపులో తెలియలేదు. చేయి మాత్రం వదల్లేదు. పడిపోయిన మనిషి పట్టు అంత గట్టిగా ఉంటుందని నేను అనుకోలేదు.

అప్పుడు వచ్చింది సత్తెమ్మ, ప్లాస్టిక్ కవర్లో బత్తాయిలతో, చెమటతో, బస్సు కండక్టర్‌ను తిట్టుకుంటూ. "ఏమన్నా, గిట్ల పన్నవేంది? లే. గేటు కాడ పోరగాల్లు అడుగుతున్నరు." మా మొహాలు చూసి ఆమెకు ఏదో తేడా తెలిసింది కాని అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. "జల్దీ వాడి పోత. సాయంత్రం పిండి రుబ్బాలె."

మొదలుపెట్టింది. ఎప్పటిలాగే కత్తిపీట వేగం. "నువ్వు లేసి పోయినంక నేనొచ్చి పండుత, దుప్పట్ల నీ ఏడి…" నాలుగు పాదాలూ బస్సు అందుకోవాలన్నట్టు పోతున్నాయి. నా మణికట్టు మీద పట్టు వదులైంది. ఆయన చేయి దుప్పటి మీదికి జారింది. చూపుడు వేలు లేచింది.

మిగిలింది మొదట్లోనే చెప్పాను.

డాక్టరమ్మ వచ్చేసరికి ఆయన మొదటి చరణం రెండోసారి పాడుతున్నాడు. ఇచ్చిన చరణం తిరిగి ఆయన నోట వినడం మాకందరికీ అదే మొదటిసారి. సత్తెమ్మకు వంతగా పాడాల్సిన గతి పట్టింది. "నోరు వడిపోయిందన్నరు గద నర్సమ్మా" అంది ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "నన్ను తిట్టనీకి మాత్రం మంచిగనే లేస్తున్నది!" నర్సు గట్టిగా అరవొద్దని కసిరింది. హత్నూర రైతు, "అరవనియ్యమ్మా, పదమూడు దినాలాయె" అన్నాడు. మూర్తిగారు బత్తాయి ఒలిచి ఎవరికివ్వాలో తెలియక తానే తినేశారు. ఎస్తేరు నేల మీద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే నవ్వుతోంది.

మూర్తిగారు, ఎస్తేరు శ్రద్ధగా, తప్పు లేకుండా, ఆయనకు నచ్చేలా పాడారు. ఆయన పైకప్పు చూశాడు. జీవితమంతా దిద్దుతూ వచ్చిన తప్పు చెవిన పడేసరికి లేచాడు. నేను ఆ రోజు బస్టాండు దాకా నడిచి వెళ్లాను. ఎంతోకాలంగా మోస్తున్నది ఎక్కడో దింపేసినట్టు ఒళ్లు తేలికగా ఉంది. రెండు బస్సులు ఎక్కకుండా వదిలేసి, బెంచీ మీద ఊరికే కూర్చున్నాను.

ఇప్పుడు ఆయన ఎస్తేరు ఇంట్లో ఉంటున్నాడు, సంగారెడ్డిలో. "మీ ఇల్లు ఇరుకు" అని నాలుగు రోజులు గొణిగాడు, గొణిగేందుకు మాటలు వచ్చాయి కదా అని ఆమె మురిసిపోయింది. కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తాడు. మామూలు మాట ఇంకా కష్టమే. నీళ్లు కావాలంటే ఒక్కోసారి "కుక్కరు" అంటాడు. తనకే నవ్వొస్తుంది. పాటలో మాత్రం మాట తడబడదు.

ఆదివారం చర్చి అయ్యాక మేం అక్కడ చేరుతున్నాం. సత్తెమ్మ బండికి సెలవు. మూర్తిగారు పక్క ఫ్లాట్ ఆయనను కూడా తీసుకొస్తున్నారు. ఆయనకు చరణం లేదు కాబట్టి పల్లవి పాడతాడు, శ్రుతి లేకుండా. అన్న వేలెత్తుతాడు. ఆ మనిషి క్షమాపణ చెబుతాడు. మళ్లీ అదే శ్రుతిలో పాడతాడు.

పల్లవి అయ్యాక మొదటి చరణం సత్తెమ్మతో కలిసి అన్న పాడతాడు. ఆ తర్వాత రెండోది రావాలి. అక్కడికి రాగానే ఆయన ఆగుతాడు. పెదవులు కదపడు. ఎడమ చేతి వేళ్లు కుర్చీ చెక్క మీద నాలుగు పాదాలకు సరిపడా దరువు వేస్తాయి. ఒక పాదం, రెండు, మూడు, నాలుగు, మధ్యలో ఊపిరి తీసుకోవాల్సిన చోట ఊపిరి కూడా. అంతసేపూ నన్నే చూస్తాడు. దరువు ముగియగానే మూర్తిగారి వైపు తిరుగుతాడు, మూడో చరణం మొదలవుతుంది.

ఆ దరువు కింద చరణం ఉందో, లేక వట్టి దరువే ఉందో డాక్టరమ్మను అడిగాను. చెప్పలేనంది. ఆయన్నూ అడిగాను, రెండుసార్లు. రెండుసార్లూ నా మణికట్టు పట్టుకున్నాడు.